పేలుళ్ల దారిలో కిటికీ అద్దాలు: ఫిల్ము అంటిస్తే చాలునా?

2025 జూలై 13వ తేదీ ఆదివారం తెల్లవారుజామున తిరువళ్లూరు సమీపంలో డీజిలు నింపుకొని వెళ్తున్న గూడ్సు రైలు పట్టాలు తప్పి మంటల్లో చిక్కుకున్న సంగతి పాఠకులకు విదితమే. 18 ట్యాంకరు వ్యాగన్లు కాలిపోయాయి. నల్లని పొగ ఆకాశాన్ని కమ్మేసింది. దగ్గరి ఇళ్లవారిని అధికారులు ఖాళీ చేయించారు. చెన్నై–అరక్కోణం మార్గంలో రాకపోకలు స్తంభించాయి. ప్రాణనష్టం జరగకపోవడం ఒక్కటే ఊరట.

ఆ రైలు చెన్నై వైపు నుంచి పడమరగా సాగింది. అంటే తిరువళ్లూరు చేరకముందు ఆవడి, పట్టాభిరాం, తిరునిన్రవూరు, వేప్పంబట్టు, సెవ్వాపేట ఊళ్ల నడుమనుంచే వచ్చింది. పట్టాలకు ఇరుపక్కలా ఇళ్లు, బడులు, కల్యాణ మండపాలు ఉన్నాయి. డీజిలుకు మండే గుణమే గాని, పేలుడు మందు వలె ఒక్కసారిగా విస్ఫోటించే గుణం లేదు. ఆనాటి ప్రమాదం పట్టాల వరకే పరిమితం కావడానికి అదీ ఒక కారణం. అయితే మన ఊళ్ల మధ్యగా సాగే సరుకంతా డీజిలు కాదు. ఆ తేడాను గుర్తించడంతోనే ఈ చర్చ మొదలు కావాలి.

మణలి నుంచి హైదరాబాదుకు

2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బీరూట్ రేవులో నిల్వ ఉన్న సుమారు 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటు పేలి 200 మందికి పైగా మరణించారు. వేలాదిమంది గాయపడ్డారు. ఆ వార్త వెలువడిన రెండు మూడు రోజులకే మన పక్కనున్న మణలి పేరు పత్రికలకెక్కింది. 2015లో కస్టమ్సు శాఖ స్వాధీనం చేసుకున్న దాదాపు 700 టన్నుల అదే రసాయనం 37 కంటైనర్లలో, మణలిలోని ఒక కంటైనర్ల నిల్వ కేంద్రంలో ఐదేళ్లుగా పడి ఉన్నదని అప్పుడు గాని జనానికి తెలియలేదు. బీరూట్ ఉదంతం ఇచ్చిన ఉలికిపాటుతో అధికారులు దానిని వేలంలో అమ్మి, ఆ నెలలోనే రోడ్డు మార్గాన హైదరాబాదుకు తరలించారు. ఆ కంటైనర్లు ఏ దారిన వెళ్లినా సరిహద్దు దాటి, తెలుగు ఊళ్లను ఒరుసుకుంటూనే వెళ్లి ఉంటాయి. సరుకు క్షేమంగా చేరింది. తమ ఊరి పక్కగా ఏమి వెళ్లిందో దారిలోని ఎన్ని కుటుంబాలకు తెలుసునన్నదే ప్రశ్న.

స్వాధీనం చేసుకున్న సరుకైనంత మాత్రాన ప్రమాదం తొలగినట్లు కాదని ఇటీవల మరొక సంఘటన రుజువు చేసింది. 2025 నవంబరు 14 రాత్రి శ్రీనగర్‌లోని నౌగాం పోలీసు స్టేషన్‌లో, దర్యాప్తు కోసం తెచ్చి ఉంచిన పేలుడు పదార్థం ప్రమాదవశాత్తు పేలి తొమ్మిదిమంది మరణించారు. చుట్టుపక్కల భవనాలూ దెబ్బతిన్నాయి. అంతకు నెల రోజుల ముందే, అక్టోబరు 19న, దీపావళి ముందునాడు, తిరునిన్రవూరు పక్కనే ఉన్న పట్టాభిరాం ప్రాంతంలో ఒక ఇంట్లో టపాసులు పేలి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. వీటికితోడు ఎణ్ణూరు ద్రవీకృత వాయు కేంద్రం నుంచి తిరువళ్లూరు జిల్లా మీదుగా బెంగళూరు వైపు గ్యాసు పైపులైను సాగుతున్నది. వంటగ్యాసు ట్యాంకర్లు రాత్రింబగళ్లు రోడ్ల మీద తిరుగుతున్నాయి.

ఇదంతా భయపెట్టడానికి కాదు. మణలి తిరునిన్రవూరుకు దాదాపు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి ప్రమాదం ఇక్కడి గోడలను కూల్చదు. కానీ సరుకు ఒకచోట నిలిచి ఉండదు. రైలు మీదనో, లారీ మీదనో అది మన గుమ్మం ముందుగా పోతుంది. ఆ కారణంగానే కిటికీ అద్దాలకు అంటించే రక్షణ ఫిల్ము గురించి నేడు వ్యాపారులు చెబుతున్న మాటలను సామాన్య కుటుంబాలు కూడా నిగ్గు తేల్చి చూడవలసి వస్తున్నది.

గోడ నిలిచినా అద్దం నిలవదు

పేలుడు జరిగినప్పుడు గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి అలగా బయలుదేరుతుంది. చదరపు అంగుళానికి సుమారు అర పౌను నుంచి ఒక పౌను వరకు అదనపు ఒత్తిడి కలిగితే చాలు, మామూలు కిటికీ అద్దాలు సాధారణంగా బద్దలవుతాయి. ఇనుము లేకుండా కట్టిన గోడ దెబ్బతినాలంటే రెండు మూడు పౌన్లు కావాలి. కనుక పేలుడు స్థలానికి దగ్గరగా కూలే గోడల కన్నా, ఎంతో దూరాన పగిలే అద్దాల సంఖ్యే ఎక్కువ. బీరూట్‌లో రేవుకు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇళ్ల కిటికీలు సైతం నుజ్జయ్యాయి. ఆసుపత్రుల్లో రోగుల మంచాల మీదే గాజు పెంకులు కురిశాయి.

చరిత్ర చెప్పే మరో పాఠం ఇంతకన్నా ముఖ్యమైనది. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు నింపుకొన్న ఓడ తగలబడుతుంటే, ఆ వింత చూడడానికి జనం కిటికీల దగ్గరకు చేరారు. ఓడ పేలింది. వేలాదిమంది కళ్లకు గాజు గాయాలయ్యాయి. ఎందరో శాశ్వతంగా చూపు కోల్పోయారు. బీరూట్‌లోనూ ముందు మంటలు, పొగ. ఆ తరువాతే మహా విస్ఫోటం. నడుమ దొరికిన ఆ కొద్ది సమయంలో ఎందరో కిటికీల వద్ద, బాల్కనీల మీద నిలబడి సెల్‌ఫోన్లతో చిత్రీకరిస్తూ ఉండిపోయారు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరంపై ఉల్క పేలినప్పుడు గాయపడిన సుమారు 1,500 మందిలో అత్యధికులకు తగిలినవి గాజు ముక్కలే. మెరుపు చూసిన ఒక ఉపాధ్యాయురాలు పిల్లలను బల్లల కిందకు దూరమని చెప్పింది. ఆమెకు గాయాలయ్యాయి గాని పిల్లలు క్షేమంగా బయటపడ్డారు.

ధ్వని కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. దూరాన పెద్ద మెరుపు కనిపించిన క్షణానికి, అల మన కిటికీని తాకే క్షణానికి మధ్య అంతే వ్యవధి. ఆ మూడు సెకన్లలో మనిషి కిటికీ వైపు పరుగెత్తుతాడా, నేల మీద బోర్లా పడుకుంటాడా అన్నదాని మీదే కళ్లు దక్కడం ఆధారపడి ఉంటుంది. ఏ ఫిల్ముకూ ఇంతటి శక్తి లేదు.

ఫిల్ము చేసే పని ఏమిటి?

రక్షణ ఫిల్ము అంటే గట్టి పాలియెస్టరు పొర. బలమైన జిగురుతో దానిని అద్దం లోపలి వైపున అంటిస్తారు. అది అద్దాన్ని పగలకుండా ఆపదు. పగిలిన ముక్కలు విడివిడిగా కత్తుల వలె ఎగరకుండా పట్టి ఉంచుతుంది. ‘బ్లాస్ట్ ప్రూఫ్’ అన్న మాట దుకాణాల్లో వినిపిస్తుంటుంది గాని, ఫిల్ము అంటించినంత మాత్రాన మామూలు అద్దం పేలుడును తట్టుకునే అద్దంగా మారదు. ఈ ఒక్క విషయం గ్రహిస్తే కొనుగోలులో జరిగే సగం మోసం తప్పుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లండన్ ఇళ్లవారు కిటికీలకు కాగితపు పట్టీలు అడ్డదిడ్డంగా అంటించుకున్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడినప్పుడు, ఆ భయానికి మద్రాసు నగరం సగానికి సగం ఖాళీ అయి జనం లోపలి ఊళ్లకు తరలిన సంగతి మన పెద్దలు కథలుగా చెప్పేవారు. తరువాతి దశాబ్దాల్లో బ్రిటన్ తన ప్రభుత్వ కార్యాలయాల్లో కాగితానికి బదులు 100 మైక్రాన్ల ఫిల్మును, దానితోపాటు ముక్కలను ఒడిసిపట్టే పొడవైన వల పరదాలను జంటగా వాడింది. ఫిల్ము ఒక్కటే చాలదని ఆ దేశం ఆనాడే గుర్తించిందన్నది గమనార్హం.

నాలుగు కొలతలు

మొదటిది మందం. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎండ కోసం అమ్మే ఫిల్ములు సాధారణంగా 25 నుంచి 50 మైక్రాన్ల వరకే ఉంటాయి. అవి వేడిని తగ్గిస్తాయి గాని రక్షణ ఫిల్ము పని చేయవు. ముక్కలను పట్టి ఉంచే పనికి 100 మైక్రాన్లతో ఆరంభం; పేలుడు ముప్పును దృష్టిలో ఉంచుకొని చేసే పనుల్లో 175, 200 మైక్రాన్లు, కొన్నిచోట్ల 300 వరకు వాడుతారు. నల్లగా ఉన్నంత మాత్రాన మందమైనదని భ్రమపడరాదు. రంగు వేరు, మందం వేరు. పైగా ముదురు రంగు ఫిల్ము ఎండను పీల్చి, పడమటి కిటికీల్లో అద్దం దానంతట అదే చిట్లడానికి కారణం కావచ్చు.

రెండవది అద్దం రకం. మామూలు అద్దం పొడవైన పదునైన పెంకులుగా పగులుతుంది. టఫెన్డ్ అద్దం చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. టఫెన్డ్ అద్దానికి ఫిల్ము అంటిస్తే, పగిలిన తరువాత అది తడిసిన గోనెపట్టా వలె మొత్తంగా జారి మీదపడే ప్రమాదం ఉంది. రెండు అద్దాల నడుమ సాగే పొర పెట్టి అతికించిన లామినేటెడ్ అద్దం వీటన్నిటికన్నా మేలు. కారు ముందుభాగపు అద్దం ఆ రకానిదే. కొత్తగా ఇల్లు కట్టేవారు ఫిల్ము గురించి ఆలోచించే ముందు లామినేటెడ్ అద్దం ధర విచారించడం విజ్ఞత. పొరుగునే శ్రీపెరుంబుదూరులో 2000 సంవత్సరం నుంచి భారీ అద్దాల కర్మాగారం నడుస్తున్నది. సరుకు మనకు దూరమైనదేమీ కాదు.

మూడవది బిగింపు. అన్నిటికన్నా కీలకమైనదీ, వ్యాపారులు అందరికన్నా తక్కువగా మాట్లాడేదీ ఇదే. అద్దం కనిపించినంత మేరకే ఫిల్మును కత్తిరించి అంటించడం చవకైన పద్ధతి. అప్పుడు ముక్కలు విడిపోవు గాని, అల బలంగా తాకితే అద్దమంతా ఒకే పలక వలె చట్రంలోంచి ఊడి గదిలోకి దూసుకొస్తుంది. ఫిల్ము అంచులను బలమైన సిలికాను పూతతో చట్రానికి కలపడం రెండవ పద్ధతి. ఫిల్మును అంచులు దాటించి లోహపు పట్టీలతో, స్క్రూలతో చట్రానికి నొక్కి బిగించడం మూడవది, దృఢమైనది. బిగింపు లేని 300 మైక్రాన్ల ఫిల్ము కన్నా, సరిగా బిగించిన 175 మైక్రాన్ల ఫిల్ము మేలు చేసే అవకాశం ఎక్కువ.

నాలుగవది చట్రం. ఒకప్పటి మన పల్లె ఇళ్లకు చెక్క తలుపుల కిటికీలే ఉండేవి. అద్దం మాటే లేదు. నేడు ఊరూరా అల్యూమినియం స్లైడింగు కిటికీలు వచ్చాయి. పట్టాభిరాంలో 2024 నవంబరులో ప్రారంభమైన 21 అంతస్తుల టైడెల్ పార్కును చూస్తే అద్దాల మోజు ఎంతగా మన దరికి చేరిందో తెలుస్తుంది. స్లైడింగు కిటికీలో అద్దాన్ని పట్టి ఉంచేది పలుచని రబ్బరు పట్టీ. అద్దపు తలుపు ఒక సన్నని గాడిలో జారుతుంటుంది. ఫిల్మును ఆ తలుపుకు ఎంత గట్టిగా బిగించినా, తలుపే గాడి తప్పి ఊడివస్తే ఫలితం శూన్యం. ఫిల్ము అద్దాన్ని, అద్దం చట్రాన్ని, చట్రం గోడను పట్టుకోవాలి. ఈ వరుసలో ఏది బలహీనమైతే రక్షణ అక్కడికే ఆగిపోతుంది. కిటికీ బయటి ఇనుప ఊచలు దొంగను ఆపుతాయి గాని, లోపలికి ఎగిరే పెంకును ఆపలేవు.

దుకాణంలో అడగవలసినవి

కొనే ముందు పరీక్షా పత్రం చూపమని అడగాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘ఈఎన్ 12600’ అన్న ఐరోపా ప్రమాణం మనిషి అద్దానికి గుద్దుకుంటే ఏమవుతుందో చూసే పరీక్ష. అది మంచిదే గాని పేలుడు పరీక్ష కాదు. పేలుడుకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం 2007లో వెలువడిన ‘ఐఎస్ఓ 16933’. అమెరికా వారి ‘ఏఎస్‌టీఎం ఎఫ్ 1642’ కూడా ఉంది. మన దేశపు ‘ఐఎస్ 2553’ టఫెన్డ్, లామినేటెడ్ వంటి భద్రతా అద్దాలకు సంబంధించినది. పేలుడు పరీక్షలో నెగ్గింది ఫిల్ము ఒక్కటే కాదు. ఫలానా మందం అద్దం, ఫలానా బిగింపు, ఫలానా చట్రంతో కలిపి నెగ్గింది. ఆ పత్రంలోని అద్దమూ చట్రమూ మన ఇంట లేనప్పుడు ఆ ఫలితం మన ఇంటికి వర్తించదు.

ఫిల్మును లోపలి వైపునే అంటించాలి. అంటించిన తరువాత జిగురు పూర్తిగా పట్టడానికి, మందాన్ని బట్టి, నెల రోజుల దాకా పట్టవచ్చు. ఆలోపు కనిపించే మసక, చిన్న నీటి బుడగలు చూసి పీకించుకోరాదు. అమ్మోనియా కలిసిన ద్రావణాలతో తుడవరాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఎండకు జిగురు బలహీనపడుతుంది కనుక హామీ ఎన్నేళ్లో రసీదు మీద రాయించుకోవాలి.

ఫిల్ము నిషేధం కదా అని కొందరు సందేహిస్తున్నారు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు వాహనాల అద్దాలకు సంబంధించినది. ఇళ్ల కిటికీలతో దానికి సంబంధం లేదు.

ఫిల్ముకు అందని ప్రమాదాలు

2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా బలైనప్పుడు వారిని చంపింది మంట. 2025 జూన్ 30న హైదరాబాదు సమీపంలోని పాశమైలారం ఔషధ కర్మాగారంలో పేలుడు సంభవించి 40 మందికి పైగా మరణించినప్పుడు భవనమే కూలిపోయింది. అటువంటి చోట ఫిల్ము గురించి మాట్లాడటం అపహాస్యమే అవుతుంది. పేలుడుకు కాస్త ఎడంగా, గోడలు నిలిచి అద్దాలు మాత్రమే పగిలే వలయంలోనే ఫిల్ము పనికివస్తుంది. పైగా నిప్పు అంటుకున్నప్పుడు ఫిల్ము వేసిన కిటికీని పగులగొట్టి బయటపడటం కష్టం. ఊచలూ ఫిల్మూ రెండూ ఉన్న ఇంట్లో, లోపలి నుంచి తేలికగా తెరుచుకునే మరో దారి తప్పనిసరి.

ఇక సామాన్య కుటుంబం ఏమి చేయాలి? ఇల్లంతటికీ ఫిల్ము వేయించే స్తోమత అందరికీ ఉండదు. పట్టాల వైపు, పెద్దరోడ్డు వైపు ఉన్న పడకగది కిటికీతో మొదలుపెట్టవచ్చు. అదీ కుదరకపోతే మంచాన్ని, పిల్లల చదువు బల్లను, ఊయలను కిటికీ దగ్గరి నుంచి లోపలి గోడ వైపు జరపడానికి ఖర్చేమీ లేదు. నేల దాకా వేలాడే మందపాటి పరదా కొన్ని ముక్కలనైనా ఆపుతుంది. 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను చెన్నై పరిసరాలను కుదిపిన నాటి గాలులను తలచుకుంటే, ఈ జాగ్రత్తలు పేలుడు ఎన్నడూ జరగకపోయినా వృథా పోవని బోధపడుతుంది.

తెలియజేయవలసిన బాధ్యత ఎవరిది?

అసలు లోపం అద్దంలో కన్నా సమాచారంలో ఉంది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమావళి ప్రకారం, భారీ ప్రమాదానికి ఆస్కారమున్న కర్మాగారాలకు, నిల్వ కేంద్రాలకు ఆవరణ వెలుపలి అత్యవసర ప్రణాళిక ఉండాలి. జిల్లా యంత్రాంగం దానిని సిద్ధం చేయాలి. ఏడాదికొకసారైనా దానిపై కసరత్తు జరగాలి. ప్రమాదం జరిగితే ఏమి చేయాలో, ఏమి చేయరాదో చుట్టుపక్కల జనానికి ముందే తెలియజేయాలి. ఇది ఎవరి దయాదాక్షిణ్యమో కాదు, నియమం.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. గీత గీసినంత మాత్రాన బంధుత్వాలు తెగలేదు. పేలుడు అలకు కూడా ఆ గీత కనిపించదు. గుమ్మిడిపూండిలో ఒక ప్రణాళిక, తడలో వేరొక ప్రణాళిక ఉండి, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకపోతే రెండూ కాగితాలుగానే మిగులుతాయి. రెండు రాష్ట్రాల జిల్లా కలెక్టర్లు సరిహద్దు మండలాలకు, తాలూకాలకు ఉమ్మడి కసరత్తు జరపాలి. సైరను అర్థం, సురక్షిత స్థలం, ఫోను నంబరు తమిళంతోపాటు తెలుగులోనూ ముద్రించి పంచాలి. ఊత్తుకోటలోనో, రామకృష్ణరాజుపేటలోనో తెలుగు తప్ప మరొకటి చదవలేని అవ్వకు ఆ సమాచారం అందకపోతే నియమం నెరవేరినట్లు కాదు.

ఫిల్ము విషయంలోనూ ప్రభుత్వ ప్రాధాన్యం స్పష్టంగా ఉండాలి. పట్టాలకు, ఇంధన మార్గాలకు దగ్గరగా ఉన్న ప్రాథమిక పాఠశాలలు, అంగన్‌వాడీలు, ఆరోగ్య కేంద్రాలకు మొదటి వంతు దక్కాలి. టెండరులో ‘ఇన్ని మైక్రాన్ల ఫిల్ము’ అని మాత్రమే రాసి ఊరుకుంటే గుత్తేదారు దానిని అంటించి పోతాడు. అద్దం రకం, బిగింపు పద్ధతి, చట్రం మరమ్మతు కూడా రాయాలి. గ్రామసభల్లో తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్న ఇదే.

పాఠశాలల్లో ఒక పాఠం మాత్రం టెండరు లేకుండానే రేపటి నుంచే మొదలు కావచ్చు. దూరాన పెద్ద మెరుపో, మంటో, పొగ స్తంభమో కనిపిస్తే కిటికీ దగ్గరకు పోరాదు. బల్ల కిందకో, లోపలి గోడ పక్కకో చేరి, ముఖం కిందికి పెట్టి, కళ్లు చేతులతో మూసుకోవాలి. బడిలో పిల్లలు దీనిని నేర్చి ఇంటికి వచ్చి చెబితే, సెల్‌ఫోను పట్టుకొని కిటికీ వైపు నడిచే పెద్దలు కూడా ఆగుతారు.